ఒళ్లు సహకరించని రోజున మిట్టల దారిలో మారథాన్

నెలల తరబడి తయారై, తీరా పరుగు రోజు పొద్దున లేచేసరికి ఒంట్లో సత్తువ లేదనిపించడం మారథాన్ పరిగెత్తేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. జ్వరం ఉండదు, దెబ్బ ఉండదు, నలుగురికీ చెప్పుకోవడానికి కారణమంటూ ఏదీ ఉండదు. కాళ్లు మాత్రం బరువుగా పడుతుంటాయి. మామూలు రోజుల్లో కబుర్లు చెప్పుకుంటూ పోయే వేగానికే ఆయాసం వస్తుంది. చదును రోడ్డు మీద ఇలాంటి రోజు వస్తే కొన్ని నిమిషాలు పోగొట్టుకుని బయటపడవచ్చు. మిట్టపల్లాల పల్లె రోడ్డు మీద వస్తే లెక్క మారిపోతుంది. ఒంట్లో లోటు అంతే అయినా దాని ఖరీదు అంతే ఉండదు. ఎక్కుడు ఆ లోటును పెంచుతుంది, దిగుడు దాన్ని కాసేపు దాచిపెడుతుంది. ఈ రెండూ ఎలా జరుగుతాయో తెలిసినవాళ్లు అలాంటి రోజున కూడా 42.195 కిలోమీటర్లు క్షేమంగా, తృప్తిగా ముగించగలరు. తెలియనివాళ్లు 30వ కిలోమీటరు దాటాక తమకు మనోబలం చాల్లేదని బాధపడతారు. నిజానికి నష్టం జరిగింది అక్కడ కాదు, మొదటి గంటలో ఎక్కిన రెండు మూడు మిట్టల మీద.

ఒంట్లో లోటు ఎక్కడినుంచి వస్తుంది

కలిసిరాని రోజుకు ఒకటే కారణం ఉండదు. చివరి రెండు మూడు వారాల్లో పరుగు తగినంత తగ్గించకపోవడం వల్ల కండరాల్లో పాత అలసట మిగిలి ఉండవచ్చు. ముందు రోజుల్లో పిండిపదార్థాలు సరిపడా తినక గ్లైకోజెన్ (కండరాలు, కాలేయం దాచుకునే పిండిపదార్థం) నిల్వలు నిండకపోవచ్చు. ఎండ, ఉక్క అనుకున్నదానికంటే ఎక్కువ ఉండవచ్చు. ఇంకా బయటపడని జలుబో, వైరసో లోపల మొదలై ఉండవచ్చు. ఉద్యోగంలో టెన్షన్, ప్రయాణం, వరసగా నాలుగైదు రోజులు సరిలేని నిద్ర, ఇవన్నీ కూడా లెక్కలోకి వస్తాయి.

వీటిలో కొన్ని శరీరాన్ని నేరుగా తాకితే, కొన్ని కష్టం ఎంత అనిపిస్తోందో దాన్ని మాత్రమే మారుస్తాయి. పరిశోధకుడు సామ్యూలే మార్కోరా బృందం 2009లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ తేడాను బాగా చూపించింది. 16 మంది 90 నిమిషాల పాటు మనసుపెట్టి చేయాల్సిన కంప్యూటర్ పని చేసి, ఆ తర్వాత ఓపిక అయిపోయేదాకా సైకిల్ తొక్కారు. మరో రోజు అదే సమయం డాక్యుమెంటరీలు చూస్తూ గడిపి తొక్కారు. మెదడు అలసిన రోజున సగటున 640 సెకన్లు, అలసట లేని రోజున 754 సెకన్లు తొక్కగలిగారు. గుండె, ఊపిరి, కండరాల కొలతల్లో దీనికి తగిన తేడా కనిపించలేదు. మారినదల్లా, అదే పని ఎక్కువ కష్టంగా తోచడం. అంటే తలలో అలసట ఉన్నా కాళ్లలో అలసట ఉన్నట్టే పరుగు తెగిపోతుంది. కారణం మనసుదా, ఒంటిదా అని మొదటి కిలోమీటర్లలో తేల్చుకోవాలని తంటాలు పడటం వల్ల ప్రయోజనం లేదు. రెండు సందర్భాల్లోనూ ఆ రోజుకి మోయగలిగిన కష్టం తగ్గింది, అంతే.

ఒక్క విషయంలో మాత్రం తేడా గుర్తించాలి. పరుగుకి ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం దాదాపు అందరికీ జరిగేదే, దాన్ని చూసి కంగారుపడనక్కర్లేదు. అంతకు ముందు రాత్రుల నిద్ర సరిగా ఉంటే ఒక్క రాత్రి కలత పెద్దగా దెబ్బతీయదు. అలాగే పరుగు తగ్గించిన వారంలో కాళ్లు మొద్దుబారినట్టు ఉండటం కూడా మామూలే. ఇలాంటివాళ్లలో చాలామందికి ఏడెనిమిది కిలోమీటర్లు గడిచేసరికి కాళ్లు తేలికపడతాయి. జ్వరం, ఒళ్లునొప్పులు, గుండెల్లో దగ్గు, విరేచనాలు ఉంటే మాత్రం ఆ రోజు స్టార్ట్ లైన్ దగ్గరికి వెళ్లకపోవడమే సరైన పని. వైరల్ జ్వరంతో గట్టిగా పరిగెత్తితే గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది. దీంట్లో బేరాలకు తావు లేదు.

మిట్టలు మొత్తం మీద తీసుకునేది తక్కువే

మిట్టల కోర్సు (పరుగు దారి) ఎందుకు అంత దెబ్బతీస్తుందని అడిగితే చాలామంది చెప్పే జవాబు, ఎక్కడానికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది కాబట్టి అని. ఇది సగమే నిజం. ఇటలీకి చెందిన అల్బెర్టో మినెట్టి, ఆయన సహచరులు వేర్వేరు వాలుల మీద పరుగుకు ఎంత శక్తి పడుతుందో కొలిచి 2002లో ప్రచురించారు. వాళ్ల సూత్రం ప్రకారం, 100 మీటర్లకు 5 మీటర్లు లేచే ఎక్కుడు మీద ప్రతి మీటరుకూ చదునుకంటే దాదాపు 30 శాతం ఎక్కువ శక్తి పడుతుంది. అదే వాలు దిగేటప్పుడు దాదాపు పావు వంతు తక్కువ పడుతుంది. 10 శాతం ఎక్కుడైతే ఖర్చు 65 శాతం దాకా పెరుగుతుంది, 10 శాతం దిగుడులో 40 శాతం దాకా తగ్గుతుంది.

ఈ అంకెలతో ఒక లెక్క వేసి చూడాలి. ఒక మారథాన్ కోర్సులో 10 కిలోమీటర్లు 5 శాతం ఎక్కుడు, 10 కిలోమీటర్లు 5 శాతం దిగుడు, మిగిలింది చదును అనుకుందాం. మొత్తం 500 మీటర్లు ఎక్కి, 500 మీటర్లు దిగినట్టు. 70 కిలోల మనిషికి ఇందువల్ల అదనంగా అయ్యే ఖర్చు సుమారు 40 కిలో కేలరీలు. రన్నర్లు దారిలో మింగే ఒక ఎనర్జీ జెల్ ప్యాకెట్‌లో సగం కూడా కాదు. పరుగుకు కిలోమీటరుకి, కిలో బరువుకి సుమారు 1 కిలో కేలరీ అన్న మోటు లెక్క ప్రకారం అదే మనిషికి మారథాన్ మొత్తానికి దాదాపు 2,950 కిలో కేలరీలు కావాలి. అందులో ఈ 40 ఏ మూలకి?

మరి దెబ్బ ఎక్కడ తగులుతోంది? శక్తి మొత్తంగా ఎంత పోయిందన్నది కాదు, ఎంత జోరుగా పోయిందన్నది ముఖ్యం. ప్రతి మనిషికీ ఒక పరిమితి ఉంటుంది. దాని కింద ఉన్నంతసేపూ శరీరం కొవ్వునూ పిండిపదార్థాన్నీ కలిపి, ఆక్సిజన్‌తో నిదానంగా కాల్చుకుంటూ గంటల తరబడి సాగుతుంది. దాటితే కొవ్వు వాటా పడిపోయి గ్లైకోజెన్ గబగబా ఖర్చవుతుంది, ఊపిరి ఎగసిపడుతుంది, కండరం తొందరగా అలుస్తుంది. కండరాల్లో, కాలేయంలో కలిపి దాచుకోగలిగిన గ్లైకోజెన్ చాలామందిలో దాదాపు 500 గ్రాములు, అంటే 2,000 కిలో కేలరీల చుట్టుపక్కల. మారథాన్ మొత్తానికి అది ఒక్కటే చాలదు. అందుకే 30 కిలోమీటర్లు దాటాక ఇంధనం అడుగంటి కాళ్లు సాగని, రన్నర్లు ‘వాల్’ (గోడ) అని పిలిచే స్థితి వస్తుంది.

బాగున్న రోజున మారథాన్ వేగం ఆ పరిమితికి కొంచెం కింద ఉంటుంది. మధ్యలో కాస్త జాగా ఉంటుంది కాబట్టి చిన్న మిట్ట మీద కొద్దిగా గట్టిగా పోయినా శరీరం సర్దుకుంటుంది. కలిసిరాని రోజున పరిమితే కిందికి దిగి ఉంటుంది. చదును మీద అనుకున్న వేగానికే అది తగులుతూ ఉంటుంది. అలాంటప్పుడు ఎక్కుడు మొదలైతే, వేగం కాస్త తగ్గించినా పరిమితి దాటేస్తారు. చదును మీద కిలోమీటరుకు 6 నిమిషాల చొప్పున పోయే మనిషి 5 శాతం ఎక్కుడు మీద 7 నిమిషాలకు తగ్గాడనుకుందాం. తగ్గానని అతను అనుకుంటాడు కానీ, ఒంటి మీద పడే భారం చదునుకంటే ఇంకా 11 శాతం ఎక్కువే. అదే కష్టంతో ఎక్కాలంటే 7 నిమిషాల 48 సెకన్లకు దిగాలి. ఆ రోజు చదును వేగమే 6:30 అయితే ఎక్కుడు వేగం 8:27 అవుతుంది. వాచీలో ఆ అంకె చూసి ఓర్చుకోవడానికి చాలా నిగ్రహం కావాలి. పక్కవాళ్లు దాటుకుంటూ పోతుంటే ఇంకా ఎక్కువ కావాలి. కానీ ఆ రోజు పరుగంతా ఆ నిగ్రహం మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రతి మిట్ట మీదా ఇలా రెండేసి నిమిషాలు పరిమితి దాటుతూ పోతే, అది ఒక్కోసారీ చిన్నదిగానే కనిపిస్తుంది. పైకి చేరాక కాస్త తేరుకున్నట్టూ ఉంటుంది. ఖర్చైన గ్లైకోజెన్ మాత్రం తిరిగి రాదు. పది మిట్టల తర్వాత ఆ బాకీ అంతా ఒకేసారి వచ్చి పడుతుంది.

దిగుడు చేసే మోసం

శక్తి లెక్కలో దిగుడు లాభమే. కాళ్ల లెక్కలో నష్టం. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బిగుసుకోవాలి, ప్రతి అడుగునా ఒంటి బరువును ఆపాలి. ఇలాంటి పని కండరపు పోగుల్లో సూక్ష్మమైన చిరుగులు తెస్తుంది. ఆయాసం ఉండదు కాబట్టి అది జరుగుతున్న సంగతి అప్పటికి తెలియదు. నొప్పి పూర్తిగా బయటపడేది ఒకటి రెండు రోజుల తర్వాత. బలం తగ్గడం మాత్రం అప్పుడే మొదలవుతుంది, చివరి పది కిలోమీటర్లలో కాళ్లు కర్రల్లా బిగుసుకుపోవడానికి సగం కారణం ఇదే.

కలిసిరాని రోజున రన్నర్ చేసే అతి పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుందని చెప్పాలి. ఎక్కుడులో పోయిన నిమిషాలను దిగుడులో రాబట్టుకోవాలన్న ఆత్రం ఎవరికైనా పుడుతుంది. పైగా మిట్ట దిగుతుంటే ఆ రోజులో మొదటిసారి ఒళ్లు తేలికగా అనిపిస్తుంది, ఇక బాగుపడ్డాననుకుంటాడు. అంగలు పెద్దవి చేసి, మడమలతో కొడుతూ దూకుడుగా దిగుతాడు. పైన చెప్పిన కొలతల ప్రకారం 5 శాతం దిగుడులో 6 నిమిషాల మనిషి అదే శక్తితో 4:34కి పోగలగాలి. అంత వేగాన్ని తట్టుకునే తొడలు మిట్టల్లో బాగా సాధన చేసినవాళ్లకే ఉంటాయి. మామూలు రన్నర్లు 5:15 దగ్గర ఆగడం మంచిది. అంటే మిట్ట తీసుకున్న సమయాన్ని పల్లం పూర్తిగా తిరిగివ్వదు. ఈ సంగతి ముందే ఒప్పుకున్నవాళ్లకు దిగుడులో ఆత్రం ఉండదు. అడుగులు చిన్నవిగా, తరచుగా వేస్తూ, ఒంటిని వెనక్కి వాల్చకుండా, పాదం నడుము కిందే పడేలా చూసుకుంటూ వదులుగా దిగుతారు.

బోస్టన్ మారథాన్ ఈ మోసానికి బాగా తెలిసిన ఉదాహరణ. హాప్‌కింటన్ అనే చిన్న ఊళ్లో మొదలై మొదటి కిలోమీటర్లు ఎక్కువగా దిగుడే. మొత్తం మీద స్టార్ట్ కంటే ఫినిష్ సుమారు 140 మీటర్లు కిందికి ఉంటుంది. అయినా అది సులభమైన కోర్సు అని పరిగెత్తినవాళ్లెవరూ అనరు. 26 నుంచి 34వ కిలోమీటరు మధ్య న్యూటన్ మిట్టలు వస్తాయి. వాటిలో చివరిదైన హార్ట్‌బ్రేక్ హిల్ 800 మీటర్ల పొడవున ఎక్కేది 27 మీటర్ల చుట్టుపక్కల మాత్రమే. ఉదయం వార్మప్‌లో అయితే దాన్ని లెక్కచేయరు. అప్పటికే దిగుడులో నలిగిన తొడలతో, 32 కిలోమీటర్లు దాటిన ఒంటితో ఎక్కాలి కాబట్టే దానికి ఆ పేరు నిలిచింది.

ఏథెన్స్ కోర్సు దీనికి తలకిందులు. మారథాన్ పట్టణంలో మొదలయ్యాక మొదటి 10 కిలోమీటర్లు పెద్దగా ఎత్తు పెరగదు. అక్కడినుంచి దాదాపు 31వ కిలోమీటరు వరకు చిన్నచిన్న పల్లాలు తగులుతున్నా మొత్తంగా ఎక్కుడే, ఆపైన ఊళ్లోకి దిగుడు. కలిసిరాని రోజుకు ఈ రెండింటిలో ఏది నయం అంటే ఏథెన్స్ లాంటిదే. అక్కడ మొదటి రెండు గంటల్లోనే ఒంటి పరిస్థితి బయటపడుతుంది, సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. బోస్టన్ లాంటి దారి ఆ సంగతిని 25 కిలోమీటర్ల దాకా దాచగలదు. కొత్త కోర్సుకు వెళ్లేముందు మొత్తం ఎన్ని మీటర్ల ఎక్కుడు ఉందో చూసి ఊరుకుంటే చాలదు, ఆ ఎక్కుడు ఏ కిలోమీటరులో వస్తుందో, దాని ముందు దిగుడు ఎంత ఉందో చూడాలి.

పల్లె రోడ్డు అదనంగా పెట్టే పరీక్ష

నగరంలో మారథాన్ అంటే దారి పొడవునా జనం, చప్పట్లు, ప్రతి మలుపులో ఏదో ఒక సందడి. దృష్టి బయటికి పోతుంది, కష్టం కాస్త వెనక్కి తగ్గుతుంది. పల్లె రోడ్డు మీద అదేమీ ఉండదు. రెండు వైపులా పొలాలు, కనుచూపు మేర ఖాళీ రోడ్డు, దాని చివర పైకి లేచే తర్వాతి మిట్ట. మనసు లోపలికే తిరుగుతుంది, ప్రతి చిన్న నొప్పీ పెద్దగా వినిపిస్తుంది. ఇలాంటి దారిలో తమ వేగానికి దగ్గరగా ఉన్న ఒకరిద్దరిని వెతుక్కుని వాళ్లతో కలిసి పోవడం ఎంతో మేలు. ఎదురుగాలి వీచే చోట ఒకరి వెనక ఒకరు పోతే శక్తి కూడా కొంత మిగులుతుంది. అయితే ఆ జట్టు మిట్ట మీద మన ఊపిరికి మించి లాగుతుంటే వదిలేయాలి.

రోడ్డు నిర్మాణంలోనూ ఒక చిక్కు ఉంది. వాన నీరు పోవడానికి రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. వాహనాలు తిరిగే రోడ్డు మీద రన్నర్లు ఒక అంచునే పోవాల్సి వస్తుంది. అప్పుడు ఒక కాలు ఎప్పుడూ కాస్త పల్లంలో పడుతుంది. గంటల తరబడి ఇలా పోతే ఒకవైపు తుంటి, మోకాలి బయటి పక్క నొప్పి పెడతాయి. కంకర తేలిన తారు రోడ్డయితే పాదాలకు ఇంకో బాధ. ట్రాఫిక్ పూర్తిగా ఆపిన చోట నడిరోడ్డు మీద పోవడమే నయం. ఆపని చోట ప్రాణం ముఖ్యం, అంచునే పోవాలి.

నీళ్ల బల్లలు కూడా పల్లె కోర్సుల్లో దూరదూరంగా ఉండవచ్చు. నెమ్మదిగా పోయే రోజున రెండు బల్లల మధ్య పట్టే సమయం పెరుగుతుంది. చిన్న సీసా, జెల్‌లు తమతోనే ఉంచుకోవాలి. మధ్యలో ఆగిపోతే వెనక్కి చేర్చే వాహనం ఎక్కడెక్కడ ఉంటుందో ముందే తెలుసుకోవడం పిరికితనం కాదు. ఆ సంగతి తెలియకపోవడం వల్లే కొందరు ఆగాల్సిన చోట ఆగలేక ప్రమాదం తెచ్చుకుంటారు.

మొదటి మిట్టలు ఏం చెబుతున్నాయి

మొదటి నాలుగైదు కిలోమీటర్లలో ఒంటి మాట నమ్మడం కష్టం. బాగున్న రోజున కూడా బరువుగా ఉండవచ్చు, బాగోలేని రోజున ఉత్సాహంతో తేలిపోనూవచ్చు. నమ్మదగ్గ పరీక్ష మొదటి రెండు మిట్టలు. చూడాల్సింది ఎక్కేటప్పుడు ఎంత ఆయాసం వచ్చిందని మాత్రమే కాదు, పైకి చేరాక ఊపిరి ఎంతసేపటికి కుదుటపడిందని. సాధనలో అలాంటి మిట్ట ఎక్కాక ఎంతలో తేరుకుంటారో ఎవరికి వాళ్లకు తెలిసే ఉంటుంది. ఆ రోజు దిగుడు సగం దాటినా ఊపిరి కుదుటపడకపోతే, రెండో మిట్ట మీదా అలాగే జరిగితే, పరిమితి కిందికి దిగిందని గట్టిగా అనుకోవచ్చు. ఎక్కుతూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగడం కూడా మంచి కొలతే.

హార్ట్ రేట్ చూసేవాళ్లు రెండు రకాల సూచనలు గమనించాలి. అదే కష్టానికి అంకె మామూలుకంటే బాగా ఎక్కువ ఉంటే ఎండ, నీరు తగ్గడం, లోపల మొదలవుతున్న జబ్బు, టెన్షన్‌లలో ఏదో ఒకటి కారణం కావచ్చు. ఎంత శ్రమపడినా అంకె పైకి రాకపోతే అది చాలా రోజులుగా పేరుకున్న అలసట కావచ్చు. ఈ రెండోదాన్ని చూసి గుండె హాయిగా ఉందని సంతోషించి ఇంకా గట్టిగా తోసేవాళ్లున్నారు, అది తప్పు. మణికట్టు వాచీలు ఒక్కోసారి గుండె చప్పుడుకు బదులు అడుగుల లెక్కను చూపిస్తాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. వాచీకి, ఊపిరికి పొత్తు కుదరనప్పుడు ఊపిరినే నమ్మాలి.

అసలు అడ్డంకి తలలో ఉన్న టార్గెట్ టైమ్. 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనం దాదాపు కోటి మారథాన్ ఫినిష్ టైమ్‌లను పరిశీలించింది. 3 గంటలు, మూడున్నర, 4 గంటలు లాంటి గుండ్రని అంకెలకు సరిగ్గా ముందు జనం గుంపుగా ఉన్నారు, వాటికి సరిగ్గా తర్వాత పలచబడ్డారు. ఆ అంకె మనిషిని ఎంత బలంగా లాగుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఒళ్లు బాగున్న రోజున ఆ లాగుడు మేలు చేస్తుంది. కలిసిరాని రోజున అదే మనిషిని పరిమితి దాటించి, సగం దారిలోనే ఖాళీ చేస్తుంది. మిట్టల కోర్సులో కిలోమీటరు వేగానికి ఎలాగూ అర్థం లేదు కాబట్టి, అక్కడ టార్గెట్‌ను వదిలి కష్టాన్ని కొలతగా పెట్టుకోవడం చదును కోర్సులోకంటే సులభం కావాలి. మిట్టల దారి చేసే ఉపకారాల్లో ఇది ఒకటి.

2015లో అమెరికాలోని 14 మారథాన్‌ల ఫలితాలతో వెలువడిన మరో పరిశీలనలో రెండో సగంలో వేగం తగ్గడం మగవాళ్లలో సగటున 15.6 శాతం, ఆడవాళ్లలో 11.7 శాతం అని తేలింది. ఇంధనం వాడుకునే తీరులో తేడా కొంత కారణం కావచ్చు, మొదట్లో తమ శక్తిని ఎక్కువగా ఊహించుకోవడం కొంత కావచ్చు. ఏదైనా, మొదటి సగంలో దుడుకు తగ్గించుకోవాలన్న మాట మగ రన్నర్లు ఇంకొంచెం శ్రద్ధగా వినాలి.

సర్దుకోవడం ఎలా

పరిస్థితి తేలాక చేయాల్సిన పని ఒకటే, ఎక్కుడులో ఊపిరి చదును మీద ఉన్నట్టే ఉండేలా వేగం తగ్గించడం. అడుగు చిన్నది చేయాలి, చూపు మిట్ట కొస మీద కాకుండా పదిపదిహేను మీటర్ల ముందు ఉంచాలి. అలా చేసినా ఊపిరి ఎగసిపడుతుంటే నడవాలి. కాళ్లు ఆగిపోయాక నడవడానికి, ముందే నిర్ణయించుకుని మిట్టలో సగం నడవడానికి చాలా తేడా ఉంది. ముందే నడిచినవాళ్లు కొసకు చేరాక మళ్లీ పరిగెత్తగలరు. ఆగిపోయి నడిచినవాళ్లు చదును మీద కూడా నడుస్తూనే ఉంటారు. నిలువు మిట్టల మీద మామూలు రన్నర్ పరుగుకీ, చురుకైన నడకకీ మధ్య సమయంలో పెద్ద తేడా కూడా రాదు.

తిండి విషయంలో మారథాన్‌కు సాధారణంగా చెప్పేది గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం. రెండున్నర గంటలు మించిన పరుగులో, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిపి తీసుకోవడం సాధన చేసినవాళ్లు 90 గ్రాముల దాకా వెళ్లగలరు. ఒళ్లు సహకరించని రోజున కడుపు కూడా సహకరించదు. అలాంటప్పుడు ఎక్కువ ఒకేసారి మింగకుండా కొద్దికొద్దిగా, తరచుగా తీసుకోవాలి. గట్టిగా ఎక్కేటప్పుడు రక్తం కాళ్లవైపు మళ్లి కడుపుకి తగ్గుతుంది. మిట్ట దాటి ఊపిరి కుదుటపడ్డాక తినడం మేలు.

నీళ్ల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు ప్రాణం మీదికి వస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికంటే తగ్గింది. పరుగులో బరువు పెరిగేంతగా తాగడం, 4 గంటలు మించి దారిలో ఉండడం దీనికి ముఖ్యమైన కారణాలుగా తేలాయి. కలిసిరాని రోజున రన్నర్ సరిగ్గా ఈ స్థితిలోకే జారుకుంటాడు. వేగం తగ్గింది కాబట్టి చెమట తగ్గుతుంది, సమయం పెరిగింది కాబట్టి ఎక్కువసార్లు తాగుతాడు, ఒంట్లో బాగోలేదు కాబట్టి నీళ్లు తక్కువయ్యాయేమో అనుకుని ఇంకా తాగుతాడు. దాహం వేసినంత తాగితే చాలు. నొప్పి తగ్గుతుందని దారిలో ఇబుప్రోఫెన్ లాంటి మాత్రలు వేసుకోవడం కిడ్నీలకు మంచిది కాదు, సోడియం తగ్గే ప్రమాదాన్నీ పెంచవచ్చు.

ఆగడమా, సాగడమా

2018 బోస్టన్ మారథాన్ రోజున విడవని వాన, ఎదురుగాలి, గడ్డకట్టే స్థితికి కొన్ని డిగ్రీలే పైన ఉన్న చలి. అమెరికన్ రన్నర్ డెజిరే లిండెన్‌కు మొదట్లోనే ఒళ్లు బాగాలేదు. బహుశా మానేస్తానేమోనని, సాయం కావాలంటే చెప్పమని తోటి రన్నర్ షలేన్ ఫ్లానగన్‌తో అంది. ఫ్లానగన్ మధ్యలో టాయిలెట్ కోసం ఆగితే లిండెన్ వేగం తగ్గించి ఆమె కోసం నిలిచింది, ఆ తర్వాత ముందు గుంపును మళ్లీ అందుకోవడానికి తోడుపడింది. చివరికి 2:39:54లో గెలిచింది లిండెన్. 1985 తర్వాత ఆ పోటీ గెలిచిన మొదటి అమెరికన్ మహిళ ఆమె.

ఈ కథను ఎంత కష్టమైనా వదలకూడదనడానికి ఉదాహరణగా చెబుతుంటారు. దాన్ని అలా వాడుకోవడం సరికాదు. లిండెన్ మొదటి సగంలో తన ఫలితాన్ని వదిలేసింది, ఒంటిని బలవంతపెట్టలేదు, దృష్టిని ఇంకొకరి మీద పెట్టింది. వాతావరణం వల్ల పోటీ అంతా నెమ్మదిగా సాగింది. జోరుగా మొదలుపెట్టినవాళ్లు న్యూటన్ మిట్టల దగ్గరా, ఆపైనా సడలిపోతుంటే ఆమె దగ్గర శక్తి మిగిలి ఉంది. పైగా మానేయడాన్ని ఆమె మొదటినుంచీ సాధ్యమైన దారిగానే చూసింది. ఆగిపోయే వీలుందని ఒప్పుకున్న మనిషి మీద ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే అదే కష్టం తక్కువగా తోస్తుంది.

ఆగాల్సిన సూచనలు మాత్రం వేరు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎండలో వణుకు పుట్టడం, మాట తడబడటం, తలలో గందరగోళం, నడక తీరునే మార్చేసే పదునైన నొప్పి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా దగ్గర్లోని వలంటీర్‌కు చెప్పి ఆగిపోవాలి. బరువుగా, నెమ్మదిగా, నిరుత్సాహంగా ఉండడం ఆ జాబితాలోకి రాదు. పేరున్న ప్రొఫెషనల్ రన్నర్లు కూడా పోటీలో మధ్యలో తప్పుకుంటారు, వాళ్లకు ఇంకో కొన్ని వారాల్లో మరో పోటీ ఉంటుంది. మామూలు రన్నర్‌కు కూడా తర్వాతి వారం, తర్వాతి నెల ఉన్నాయి.

ముగించిన తర్వాత ఆ టైమ్‌ను చదును కోర్సు టైమ్‌తో పోల్చి నొచ్చుకోవడం దండగ. కోర్సు వాలును బట్టి టైమ్‌లు ఎంత మారతాయో ప్రపంచ అథ్లెటిక్స్ నిబంధనలే ఒప్పుకుంటాయి. రికార్డుకు అర్హత పొందాలంటే స్టార్ట్ కంటే ఫినిష్ కిలోమీటరుకు 1 మీటరుకు మించి కిందికి ఉండకూడదు, ఆ రెండింటి మధ్య నేరు దూరం పరుగు దూరంలో సగం దాటకూడదు. 2011లో జెఫ్రీ ముతాయ్ బోస్టన్‌లో 2:03:02కు పరిగెత్తినా అది ప్రపంచ రికార్డుగా నమోదు కాకపోవడానికి ఇదే కారణం. మిట్టల కోర్సులో పోల్చుకోవాల్సింది అదే కోర్సులో అదే రోజు పరిగెత్తినవాళ్లతో. గడియారం నిరాశపరిచిన రోజున, మొత్తం రన్నర్లలో ఎన్నోవాళ్లుగా వచ్చారో చూస్తే చాలాసార్లు మనసు కాస్త కుదుటపడుతుంది, ఎందుకంటే ఎండో, గాలో, మిట్టలో అందరినీ వెనక్కి లాగే ఉంటాయి.

తొడల నొప్పి రెండు మూడు రోజులు ఎక్కువై ఆ తర్వాత తగ్గుతుంది. ఒకసారి అలా నలిగిన కండరం కొన్ని వారాల పాటు తర్వాతి దిగుడును మెరుగ్గా తట్టుకుంటుంది. అందుకే తర్వాతి మిట్టల మారథాన్‌కు నెల ముందు నుంచి దిగుడు సాధన కొద్దికొద్దిగా చేర్చుకోవడం మంచి పని. కారణం తెలియని కలిసిరాని రోజు ఒక్కటైతే దాన్ని అక్కడితో వదిలేయవచ్చు. వరసగా వారాల తరబడి మామూలు పరుగు కూడా బరువుగా ఉంటే మాత్రం ఐరన్ నిల్వలు, థైరాయిడ్ పరీక్ష చేయించుకుని, చేస్తున్న పరుగుకు సరిపడా తింటున్నారో లేదో డాక్టర్‌తో కూర్చుని చూసుకోవాలి.